రజాక్ చెయ్యి ఎంచిన బండి

మైలేజీ ఎంతని రజాక్ అడగలేదు. రంగు సంగతి ఎత్తలేదు. ఎన్ని చేతులు మారిందో కనుక్కోలేదు. చంచల్‌గూడలో పాత బండ్లు అమ్మే గుండయ్య దుకాణం ముందు నిలబడి ఒక్కటే అడిగాడు.

"క్రూజర్ కావాలె సేఠ్. వణకనిది."

గుండయ్య నోట్లో పాన్‌ను ఒక దవడ నుంచి ఇంకో దవడకు తోశాడు. "ఇంజిన్ ఉన్నంక వణకకుండ ఎట్లుంటది భాయ్? గంత ఫికర్ ఉంటే సైకిల్ కొనుక్కో."

"సైకిల్ మీద మీ చెల్లెను స్కూలుకు ఎట్ల తీస్కపోవాలె?"

"తొక్కు. పొట్టన్న తగ్గుతది."

పక్కనున్న తౌఫీఖ్ కిసుక్కున నవ్వాడు. రజాక్ గుండయ్యకు వరస కలిపిన ఆ చెల్లెలికి, అంటే రజాక్ భార్య సలీమాకి, ఇతను సొంత తమ్ముడు. హోటళ్ళ నుంచి ఇళ్ళకు తిండి చేరవేస్తాడు, రోజంతా బండి మీదే బతుకు. ఆ అనుభవంతో సలహా చెబుదామని వెంట వచ్చాడు. సలహా ఎవరూ అడగలేదు.

సలీమా కంచన్‌బాగ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్. పుట్టింది సూర్యాపేట దగ్గర, చదివింది తెలుగు మీడియం, పెళ్ళై తలాబ్‌కట్టకు వచ్చింది. అత్తగారింట్లో ఆమె ఉర్దూ విని నవ్వినవాళ్ళందరి పిల్లలకూ ఆమే తెలుగు పరీక్షలు గట్టెక్కించింది. చలికాలం చివర్లో నడుము డిస్కుకు ఆపరేషన్ అయింది. జూన్‌లో బడి తెరిచేదాకా ఆగుతామని స్కూలువాళ్ళు అన్నారు. ఎంత దయ అని చుట్టాలు మెచ్చుకున్నారు. దయ ఏమీ లేదు, వేసవి సెలవుల ముందు కొత్త టీచర్ని పెట్టుకుని జీతం దండగ చేసుకునే స్కూలు ఏదీ ఉండదు. జూన్‌లో సలీమా గేటు దగ్గర కనపడకపోతే ఆ కుర్చీలో ఇంకొకామె కూర్చుంటుంది. ఇల్లు నడుస్తున్నది ఆ కుర్చీ మీదే.

డాక్టరు షేర్ ఆటో వద్దన్నాడు. చిన్న చక్రాల స్కూటర్ అసలే వద్దన్నాడు. బస్సయితే మంచిదన్నాడు. బస్సు తలాబ్‌కట్ట గల్లీల్లోకి రాదు, మెయిన్ రోడ్డు దాకా నడిచి అక్కడ నిలబడాలి, ఎక్కాక కూడా నిలబడాలి. ఇవన్నీ విని డాక్టరు విసుక్కుని, బండి తప్పదనుకుంటే తక్కువ ఎత్తు, వెడల్పు సీటు, వీపు ఆనేందుకు కమ్మీ ఉన్న క్రూజర్ రకం మోటార్‌సైకిల్ చూసుకోమన్నాడు. ఒక పక్కకు కాకుండా అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చోవాలి. "ముఖ్యంగా వణుకు ఉండొద్దు. ఇంజిన్లోంచి వచ్చే సన్న వణుకు రోజూ నడుముకెక్కితే మళ్ళా నా టేబుల్ మీదికే వస్తరు."

రజాక్ తెచ్చుకున్న డబ్బులో వచ్చే క్రూజర్లు ఆ దుకాణంలో రెండే ఉన్నాయి. నల్లది పాతది, పెద్ద ఇంజిన్, సీటు నులక మంచమంత ఉంది, ధర తక్కువ. ఎర్రది దానికంటే కొత్తది, ఇంజిన్ చిన్నది, లోపల వణుకును మింగేసే బ్యాలెన్సర్ ఉందని గుండయ్య చెప్పాడు. బేరమాడితే ఉన్న డబ్బుకు అంచున అందుతుంది. గుండయ్య రెండూ స్టార్ట్ చేసి వదిలేశాడు.

తౌఫీఖ్ నల్లబండి అద్దంలోకి వంగి చూసి బావను పిలిచాడు. "దుల్హే భాయ్, జర ఇటు రా. అద్దంల నేను ముగ్గురున్న."

"ఒక్కనివే ఎక్కువ," అన్నాడు రజాక్.

"మజాక్ కాదు. ఎర్రది తీస్కో. నేను దినమంత బండి మీదనే ఉంట, నాకు ఎర్కే."

"నీ చెయ్యి ఫోన్ గీకే చెయ్యి. పక్కకు జరుగు."

రజాక్ చేతులకు బస్తీలో ఉన్న పేరు అలాంటిది. అతను వరఖ్ కొట్టే మనిషి. మిఠాయి మీదా పాన్ మీదా అంటించే వెండి రేకు, ఊదితే ఎగిరిపోయేది, దాన్ని వరఖ్ అంటారు. వెండి ముక్కల్ని తోలు పొరల మధ్య పెట్టి, ఆ కట్టను రాయి మీద ఉంచి, గంటల తరబడి సుత్తితో బాదితే వస్తుంది. పదేళ్ళ వయసులో చార్ కమాన్ వెనక కార్ఖానాలో కూర్చున్నవాడు యాభై దాటినా అక్కడే ఉన్నాడు. మిషన్ల రేకు వచ్చాక బేరాలు పడిపోయి, ఆ కార్ఖానాలో సుత్తులు వేళ్ళమీద లెక్కపెట్టే స్థితికి వచ్చాయి. ఇప్పుడు కొనేవాళ్ళకంటే ఫొటోలు తీసేవాళ్ళు ఎక్కువ. అంతరించిపోతున్న కళ అని కింద రాసి పెట్టుకుంటారు. ఫొటోలో వెండి మెరుస్తుంది, మనిషి వంగి ఉంటాడు, చప్పుడు ఉండదు. చూసేవాళ్ళకు హాయి.

కట్టలో రేకు తయారైందా లేదా అనేది రజాక్ అరచెయ్యి ఆనించి చెప్పేవాడు. "అయింది" అంటే అయినట్టే. తప్పిన రోజు ఎవరికీ గుర్తులేదు. దాంతో ఆ చెయ్యి వరఖ్ దాటి బయటికి కూడా పనికొచ్చింది. కర్బూజా పండిందా, గోడ ఆరిందా, దేనికైనా పిలిచేవారు. బక్రీదుకు మేకను కొనబోతూ పక్కింటివాళ్ళు అతణ్ణి తీసుకుపోయి దాని వీపు మీద చెయ్యి వేయించేవారు.

ఆ చెయ్యే ఇప్పుడు నల్లబండి హ్యాండిల్ మీద పడింది. రజాక్ కళ్ళు మూసుకున్నాడు. ఇంజిన్ ధడ్ ధడ్‌మని నింపాదిగా, లోతుగా, ఒకే లయలో కొడుతోంది. చాలాసేపు అలాగే ఉండి తల ఊపాడు. తర్వాత ఎర్రదాని మీద పెట్టాడు. అది కుట్టుమిషన్‌లా సన్నగా రొద పెడుతోంది. మొహం చిట్లించాడు.

"ఇది ఏడుస్తున్నది. నల్లది వెన్న."

"వెన్ననా?" అన్నాడు తౌఫీఖ్. "దుల్హే భాయ్, నట్లు ఊడివస్తున్నయి!"

"సేఠ్, కాగితాలు తియ్యి."

అద్దం అదరడం గుండయ్యకు కనపడలేదా అంటే కనపడింది. దుమ్ముపట్టి పడి ఉన్న బండిని కొనేవాడే వెన్న అంటుంటే కాదనడానికి అతనేం దర్గా దగ్గర కూర్చోలేదు. "రజాక్ భాయ్ చెయ్యి పెట్టినంక ఇంక మాటేముంది," అన్నాడు. "గానీ ఒకటి. మళ్ళ తెచ్చి నా నెత్తిన పెట్టొద్దు."

బడి తెరవడానికి రెండు వారాల ముందు ఆదివారం, దారి అలవాటవుతుందని ఇద్దరూ కంచన్‌బాగ్ దాకా బయల్దేరారు. సలీమా సల్వార్ వేసుకుని, అటూ ఇటూ కాళ్ళేసి, వెనక కమ్మీకి ఆనుకుని కూర్చుంది. సంతోష్‌నగర్ దాటేసరికి ఫుట్‌రెస్టు మీంచి మడమల్లోకి, మడమల్లోంచి కుట్లు వేసినచోటికి చీమల బారు ఎక్కుతున్నట్టయింది. భర్త భుజం మీద తట్టింది.

"ఆపు."

"ఏమైంది?"

"బండి వణుకుతున్నది."

"రోడ్డు గట్లున్నది టీచరమ్మా. బండి కాదు."

"ఇప్పుడు నిలబడే ఉన్నది గదా. ఇప్పుడు సుత రోడ్డే అను."

ఇంజిన్ ఆపలేదు. బండి రోడ్డు పక్కన నిలబడి ఉంది. రజాక్ తను కూర్చున్నచోట వణుకు ఉందేమో చూసుకున్నాడు. "సీట్ల కొద్దిగ ఉన్నది. ఇంజిన్ అన్నంక గంత ఉంటది. హ్యాండిల్ల లేనే లేదు. చెయ్యి పెట్టి చూసినంకనే కొన్న. చిన్న పిల్ల లెక్క లొల్లి చెయ్యకు."

సలీమా మెల్లగా దిగింది. ముందుకు వచ్చి, హ్యాండిల్ మీదున్న అతని కుడిచేతి మీద తన అరచెయ్యి పెట్టింది. అతని వేళ్ళ ఎముకల్లోంచి, చర్మంలోంచి, వణుకు ఆమె చేతికి ఎక్కింది. ఎంతగా ఎక్కిందంటే గాజులు కదిలాయి.

"తెలుస్తలేదా?"

"ఏంది?"

"నీ చెయ్యే వణుకుతున్నది. నాకు తెలుస్తున్నది. నీకు తెలుస్తలేదా?"

అతను గాజుల వైపు చూశాడు. తర్వాత తన చేతి వైపు చూశాడు. వేరేవాళ్ళది చూసినట్టు చూశాడు. సలీమా మెడకింద స్కార్ఫుకు పెట్టిన పిన్ను తీసి అతని చూపుడువేలు చివర గుచ్చింది. రక్తం చుక్క వచ్చింది. అతను వేలు వెనక్కి తీసుకోలేదు.

"ఎప్పటి సంది?"

"ఎప్పటి సందేంది? మా అందరి చేతులూ గట్లనే ఉంటయి. పక్కా చెయ్యి అంటరు దీన్ని."

ఆ రోడ్డు పక్కనే చెప్పాడు. కార్ఖానాలో కొత్తగా చేరిన పిల్లవాడి చెయ్యి వాస్తుంది, రాత్రిళ్ళు పోటు పెడుతుంది, ఏడుస్తాడు. నెలలు గడిచాక ఒకరోజు వచ్చి నొప్పి లేదంటాడు. ఆ రోజు ఉస్తాద్ జిలేబీ తెప్పించి అందరికీ పంచుతాడు. హాథ్ పక్కా హోగయా, చెయ్యి గట్టిపడింది, ఇవాళ్టి నుంచి వీడు కారీగర్, పనిమంతుడు అంటాడు. రజాక్ చెయ్యి పక్కా అయిన రోజు కూడా పంచారు. ఆ జిలేబీ రుచి ఇప్పటికీ బాగా జ్ఞాపకమని చెప్పాడు.

ఉస్తాద్ చెడ్డవాడేం కాదు. ఆయనకూ ఎవరో జిలేబీ పెట్టే ఉంటారు. నరం చచ్చిపోవడాన్ని పనితనమని నమ్మి, తరం తర్వాత తరం పండగ చేసుకున్నారు, అంతే. ఆ పండగను మాత్రం ఏ ఫొటోవాడూ తియ్యలేదు.

"మరి వరఖ్ అయిందని ఎట్ల చెప్తవు?" అంది సలీమా.

ఆ ప్రశ్న రజాక్‌ను అంతకుముందు ఎవరూ అడగలేదు, అతను తనను తానూ అడగలేదు. తర్వాత చాలా రోజులకు తౌఫీఖ్‌తో అన్నాడు, చెవితో అయ్యుంటదని. రేకు పలచబడేకొద్దీ దెబ్బ చప్పుడు మారుతుంది. చివరిదెబ్బలు విని, చెయ్యి ఆనించి, చెయ్యే చెప్పిందనుకునేవాడు. గుండయ్య దుకాణంలో జరిగిందీ అదే. మంచి సుత్తిదెబ్బలా నింపాదిగా కొట్టిన ఇంజిన్ను ఎంచుకుని వచ్చాడు.

నరాల డాక్టరు వైర్లు తగిలించి చూశాడు. వేళ్ళలో స్పర్శ పోయింది, తిరిగి రాదు, బలం మిగిలింది, అదీ తగ్గుతుంది. సుత్తి ముట్టుకోవద్దు. బండి కూడా నడపకపోవడమే మేలు.

"సుత్తి సరే," అన్నాడు రజాక్. "బండి ఎట్ల సార్? జూన్ వచ్చింది."

గుండయ్య నల్లబండిని తిరిగి తీసుకోనన్నాడు. సలీమా స్వయంగా దుకాణానికి వెళ్ళి నిలబడ్డాక, కొన్న ధరకు బాగా కోతపెట్టి ఒప్పుకున్నాడు. "టీచరమ్మవు, నిన్ను చూసి ఇస్తున్న," అన్నాడు. ఈసారి ఎర్రబండిని ఎంచడానికి దాని సీటు మీద ఆమే కూర్చుంది. వెనక సీటు మీద, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, తౌఫీఖ్‌ను ముందు కూర్చోబెట్టుకుని, చంచల్‌గూడ రోడ్డులో పోయి వచ్చింది. నడుము ఏమీ అనలేదు. తక్కువపడ్డ డబ్బు కార్ఖానా నుంచి వచ్చింది. అక్కడ రజాక్ కూర్చునే చోటుకు ఎప్పుడో కట్టిన అడ్వాన్సు యజమాని వెనక్కిచ్చాడు. ఆ చోట్లో ఇప్పుడు డబ్బాలు పెట్టారు. కూర్చోవడానికి కొత్తవాడు ఎవడూ రాలేదు, అదొక్కటే ఆ కార్ఖానాలో జరిగిన మంచి.

ఇక నడిపేదెవరు? తౌఫీఖ్ పొద్దున్నే పనిలో ఉంటాడు. నాలుగు రోజులు సర్దుబాటు చేశాడు, అయిదో రోజు అతని ఉద్యోగం మీదికి వచ్చింది. సలీమా నేర్చుకుందామంటే నడుము కుదుటపడేదాకా హ్యాండిల్ పట్టొద్దని డాక్టరు మాట. స్పర్శ లేని చేతులతో మనిషి బండి నడపకూడదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఈ కథ చెబుతున్న నాకంటే బాగా తెలుసు. సరైన పని చెయ్యాలంటే గల్లీలోకి వచ్చే బస్సు ఒకటి కావాలి.

అయిదో రోజు నుంచి రజాకే నడుపుతున్నాడు. ఎర్రబండి నిజంగానే మెత్తగా పోతుంది, సలీమా వెన్నుకు ఏ చీమా ఎక్కదు. ఆమె మాత్రం వీపు కమ్మీకి ఆనించదు. అతని భుజం మీంచి ముందుకు వంగి బ్రేకు మీదున్న వేళ్ళ వైపు చూస్తూ ఉంటుంది. ఈదీ బజార్ మలుపులో ఆటో అడ్డం వచ్చినా, సంతోష్‌నగర్ సిగ్నల్ ఎర్రబడినా, "బ్రేక్" అని పైకే అంటుంది. వేలు లివర్ మీద ఉందో పక్కన ఉందో అతను కిందికి చూసుకుని నొక్కుతాడు. అలా వంగి కూర్చోవడం నడుముకు మంచిది కాదని ఆమెకు తెలుసు.

ఒకరోజు స్కూలు గేటు ముందు పిల్లలు గుడ్ మార్నింగ్ చెబుతుంటే ఆమె మెల్లగా దిగింది. రజాక్ ఇంజిన్ ఆపాడు. ఎడమచెయ్యి క్లచ్ లివర్‌ను ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అతను గేటు వైపు చూస్తున్నాడు, ఆ సంగతే ఎరగడు.

సలీమా చుట్టూ చూసింది. తర్వాత, పిల్లలు చూస్తుండగానే, ఆ వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది.

"దిగిన," అంది. "ఇగ వదులు."