బాయిలర్‌లో భిక్ష

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే మా ఇంట్లో ముందు నవ్వేది నేనే. శ్మశానం గట్టు మీదుగా గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక్కదాన్నే నడిచొచ్చిన మనిషిని. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది గానీ, చూసింది చూసినట్టు గుర్తుంటుంది. ఇప్పుడు రాసేది నేను చూసిందీ, మా వాడు చెప్పిందీ. నేను కలిపింది ఒక్క ముక్క లేదు.

మాది రాజమండ్రికి అట్టే దూరం లేని ఊరు. ఒకప్పుడు చెరుకు తోటలుండే రోడ్డు పక్కన ఫ్యాక్టరీలు వరసగా లేచాయి. వాటి చివర గ్యాస్‌తో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. పేరెందుకులెండి. అది నడిచినన్నాళ్లూ పగలూ రాత్రీ ఒకటే హోరు. ఎప్పుడైనా ఆపితే ఊరికి చెవుడు వచ్చినట్టుండేది.

మా మరిది సత్తిబాబు అందులో కాంట్రాక్టు కూలీ. నేను కాపురానికి వచ్చేనాటికి లాగూ ఎగదీసుకుంటూ తిరిగే పిల్లాడు. మా అత్తగారు అప్పటికే పోయారు. వాడికి తలంటిందీ, అన్నం కలిపి పెట్టిందీ నేనే. మా ఆయన లారీ మీద ఊళ్లు తిరిగేవారు. అందుకని ఇంట్లో ఎక్కువ రోజులు మేమిద్దరమే. వాడికి తిండి మీద మహా యావ. పొయ్యి దగ్గరకొచ్చి మూతలు తీసి చూసేవాడు. "నీ చేతి కూర ఉంటే నాకు పెళ్లి కూడా వద్దు వదినా" అనేవాడు. "పెళ్లాం వచ్చాక ఈ మాట అను, చూస్తాను" అనేదాన్ని.

ఆ ప్లాంటు సంగతి నాకు వాడే చెప్పాడు. విమానం ఇంజను లాంటిది ఒకటి ఉంటుందట. గ్యాస్ మండి అది తిరుగుతుంది. దాని వెనక నుంచి వచ్చే నిప్పులాంటి గాలిని ఊరికే పోనివ్వకుండా పెద్ద రేకు గదిలోకి పంపుతారట. ఆ గదినిండా గొట్టాలు, గొట్టాల్లో నీళ్లు. ఆ నీళ్లు ఆవిరై ఇంకో మెషీను తిప్పుతాయి. "అన్నం దించాక ఆ సెగ మీదే పాలు పెడతావు కదా, అంతే" అన్నాడు. ఆ రేకు గదినే వాళ్లు బాయిలర్ అనేవారు.

ఆ ఏడు కార్తీకంలో వాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, మధ్యాహ్నం ఒక్కపూటే భిక్ష. కాళ్లకు చెప్పులు వేసుకోకూడదు. మాల వేసినవాణ్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు, నేను కూడా స్వామీ అనేదాన్ని. వాడు నన్ను వదినా అనడం మానేసి మాతా అనేవాడు. నాకు నవ్వొచ్చేది.

అప్పుడే ప్లాంటు ఆపి రిపేర్లు పెట్టారు. బాయిలర్ చల్లారాక మనుషులు లోపలికి దూరి గొట్టాలు శుభ్రం చేస్తారు. పక్కన చిన్న ఇనప తలుపు, ఒక మనిషి వంగి దూరేటంత. బయటి మట్టి లోపలికి రాకూడదని అందరూ చెప్పులు తలుపు దగ్గర విడిచి, కాళ్లకు గోనెగుడ్డలు చుట్టుకుని వెళ్లేవారు. రూలు ప్రకారం ఇంకేవో రాయాలట. మేస్త్రీ గంగరాజు గారు మాత్రం ఆ చెప్పులే చూసుకునేవారు. చెప్పులుంటే మనుషులు లోపల ఉన్నట్టు. చెప్పులన్నీ పోతే తలుపు బిగించేయొచ్చు. అన్నేళ్లూ ఆయనకి అలాగే జరిగిపోయింది.

పని ఆఖరి రోజు. నేను పొద్దున్నే తలస్నానం చేసి భిక్ష వండాను. పక్కింటావిడ లేత ఆనపకాయ ఇస్తే పాలు పోసి కూర చేశాను. మాల వేశాక ఆ కూర వండడం అదే మొదలు, వాడికి చెప్పనే లేదు. స్వామి తినకముందు రుచి చూడకూడదు కాబట్టి చూడకుండానే క్యారియర్‌లో సర్దాను. మిట్టమధ్యాహ్నం గేటు దగ్గరికి చేరాను.

అన్నాళ్లూ మూగగా ఉన్న ప్లాంటులో ఆ రోజు హోరు మొదలైంది. ఎప్పటి హోరు కాదు, తుఫాను గాలి లాంటిది. మంట వెలిగించే ముందు ఆ ఇంజన్ని ఊరికే తిప్పి లోపలికి గాలి కొడతారని నాకు తరవాత తెలిసింది. ఆ గాలి ఆగాక వెలిగిస్తారు.

సత్తిబాబు గేటు అవతల నిలబడి ఉన్నాడు. నల్ల చొక్కా, మెళ్లో మాల, కాళ్లకు గోనెగుడ్డలు. ఒంటినిండా మసి. ఎండ చురుక్కుమంటోంది గానీ వాడి ముఖాన చెమట లేదు. "ఇదిగో స్వామీ, భిక్ష" అంటూ ఊచల మధ్య నుంచి క్యారియర్ అందించాను. రెండు చేతులతో తీసుకున్నాడు. వాడి వేళ్లు నాకు తగల్లేదు.

"వదినా, తలుపేసేశారు" అన్నాడు.

అంతే అన్నాడు. మాతా అనలేదేమిటా అనుకున్నాను. తినే షెడ్డు తలుపేమో అనుకున్నాను. వాడు వెనక్కి తిరిగి ఆ బాయిలర్ వైపే నడుచుకుంటూ పోయాడు.

గేటు పక్కన టీకొట్టు దగ్గర గంగరాజు గారు, వాడితో పనిచేసే కూలీలంతా కూర్చుని ఉన్నారు. అందరూ ఇక్కడుంటే వీడొక్కడూ అటు పోవడమేమిటి?

"ఏవండీ మేస్త్రీ గారూ, అందరూ బయటే ఉన్నారు, మా స్వామిని ఒక్కణ్నే పనిలో పెట్టారేంటండీ?" అన్నాను.

"పనెక్కడుందమ్మా! అయిపోయింది. లోపల పురుగు కూడా లేదు, తలుపు బిగించేశాం" అన్నారాయన.

"బాగా చూశారా?"

"ఆయ్, చూడకుండా బిగిత్తామేంటండీ? ఒక్క చెప్పు కూడా మిగల్లేదు."

"మాల వేసినోడికి చెప్పులెక్కడియ్యండీ?"

ఆయన టీగ్లాసు కింద పెట్టేసి లేచారు. వాడు ముందే వచ్చేసి స్నానానికి వెళ్లుంటాడని అందరూ అనుకున్నారట.

"కంగారు పడకండి, వాడు బయటే ఉన్నాడు. ఇప్పుడే ఇక్కడికొచ్చి క్యారియర్ పట్టుకెళ్లాడు" అన్నాను నేను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన, పెద్దాయన, నా వైపు అదోలా చూశాడు. "ఎవరూ రాలేదమ్మా. నువ్వొక్కదానివే ఊచలు పట్టుకుని మాట్లాడతన్నావు. ఎవరితోనా అని చూత్తన్నాను" అన్నాడు.

గంగరాజు గారు పరుగెత్తారు. ఆ వయసులో మనిషి అలా పరుగెత్తగా నేను ఎప్పుడూ చూడలేదు. పెద్దాయన ఫోనందుకుని ఆపండి, ఆపండి అని అరిచాడు. నేనూ వెనకే పరుగెత్తాను. నన్నెవరూ ఆపలేదు.

హోరు తగ్గింది. ఇంకాస్త ఆగితే మంట వెలిగించేవాళ్లమని లోపల ఇంజనీరు గారు చెప్పారు. బోల్టులు విప్పి తలుపు తెరిచి టార్చి వేశారు.

సత్తిబాబు గొట్టాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. తలుపు బాదిన మనిషిలా లేడు. ఎడంచెయ్యి ఒళ్లో ఉంది. కుడిచెయ్యి మాత్రం ఒంటికి తగలకుండా పక్కకు పట్టుకున్నాడు, తిన్నాక ఎంగిలి చెయ్యి పట్టుకుంటాం చూడండి, అలాగ.

బయటికి లాగారు. వాడన్న మొదటి మాట, "చెయ్యి కడుక్కోవాలి, నీళ్లివ్వండి."

ఆ చేతికి మసి తప్ప ఏమీ లేదు.

రిక్షాలో ఇంటికి తీసుకొస్తుంటే వాడు మామూలుగానే చెప్పాడు. తలుపు పడగానే బాగా అరిచాడట. తరవాత గాలి మొదలైందట, కళ్లు తెరవలేకపోయాడట. అప్పుడు నేను వెళ్లానట. ఎదురుగా కూర్చుని, మన క్యారియర్ విప్పి, విస్తరి వేసి వడ్డించానట. ఆ గాలికి విస్తరి ఎగరలేదట. కడుపారా తిన్నాడట.

"ఆనపకాయ పాలుపోసి చేశావు కదా. ఉప్పెయ్యడం మర్చిపోయావు వదినా" అన్నాడు.

ఇంటికి రాగానే గిన్నెలో మిగిలిన కూర నాలిక్కి రాసుకున్నాను. ఉప్పు లేదు. క్యారియర్ కోసం ప్లాంటంతా వెతికారు. దొరకలేదు.

మనిషి బతికాడు, అదే చాలనుకున్నాం. గురుస్వామి ఇరుముడి కట్టారు, శబరిమల వెళ్లొచ్చాడు, మాల తీశాడు. ఆ మర్నాడు వాడికిష్టమని కోడికూర వండాను. మూత తీసి చూడ్డానికి రాలేదు. పిలిస్తే వచ్చి కూర్చున్నాడు, రెండు ముద్దలు తిన్నాడు. "ఆకల్లేదు వదినా" అన్నాడు.

మళ్లీ వాడి నోటెంట ఆకలి అన్న మాట రాలేదు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. పనికి వెళ్లొచ్చి కూడా అంతే. మనిషి ఆరిపోవడం మొదలుపెట్టాడు. మా ఆయన లారీ వదిలేసి వాణ్ని కాకినాడ తీసుకెళ్లారు. రకరకాల పరీక్షలు చేశారు. కడుపులో పుండు లేదు, ఇంకే రోగమూ లేదు. మనసులో భయం పట్టుకుందేమో అన్నారు, బిళ్లలు రాశారు. నేను చిన్నప్పట్లా కలిపి నోట్లో పెట్టేదాన్ని. మింగేవాడు. ఒంటికి పట్టేది కాదు.

ఆషాఢంలో మంచం పట్టాడు. ఒకరోజు పక్కన కూర్చుని, "ఒక్క ముద్దరా, నా మాట కోసం" అని బతిమాలాను. వాడు నావైపు జాలిగా చూశాడు.

"నువ్వే కదా వదినా అన్నావు."

"నేనేమన్నాన్రా?"

"ఆవేళ లోపల. వడ్డిస్తా చెప్పావు కదా, ఇది తినెయ్, ఇంక నీకు ఎప్పటికీ ఆకలెయ్యదు అని."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నేనలా అనలేదని చెప్పబోయాను. అది నేను కాదని చెబితే, మరి ఎవరని అడుగుతాడు. చెప్పలేదు.

మళ్లీ మాలలు వేసే రోజులు రాకముందే సత్తిబాబు పోయాడు.

ఇన్నేళ్లలో ఎంతమందిని అడిగానో. స్వామి కాపాడాడన్నారు కొందరు. భయానికి మతి చలించిందన్నారు చదువుకున్నవాళ్లు. మరి ఉప్పు సంగతి వాడికెలా తెలిసింది? గేటు దగ్గర నాకు కనిపించింది మా వాడే, ప్రాణం మీదికొచ్చి నా దగ్గరికి వచ్చాడు. అది నమ్మడానికి నాకు భయం లేదు. కానీ ఆ చీకట్లో నా ముఖంతో, నా క్యారియర్‌తో వాడి ఎదురుగా కూర్చుని వడ్డించింది మాత్రం నేను కాదు.