పెట్రోలు క్యాన్లలో వరిగడ్డి

పొద్దున మా గల్లీలోకి ఒక మోటారు సైకిలు వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉండగా ఆ చప్పుడు విని మా మూడేళ్ల వాడు గడప దాటి ఉరికాడు. బండి మనిషి సమయానికి బ్రేకు వేశాడు కనుక ఏమీ కాలేదు, పైగా వీడు నవ్వుతూ దాని ట్యాంకును రెండు చేతులా నిమిరి వచ్చాడు, కానీ నేను మాత్రం పొద్దుగూకేదాకా వాడిని మళ్లీ గడప దాటనివ్వలేదు. అంగీ మార్చబోతే వాడి చేతుల నిండా పెట్రోలు వాసన. ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు, వాడూ నిద్రపోయాడు, నేను మాత్రం వాడి ఊపిరి వింటూ కూర్చున్నాను. ఆ వాసనకు గౌలిపురలోని మా పుట్టింటి బర్రెల కొట్టం గుర్తుకొచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం రాకముందు సంగతి ఇది. మాది పాల వ్యాపారం. నాన్న పోయాక అమ్మే కొట్టాన్నీ మమ్మల్నీ నెట్టుకొచ్చింది. ఆ కొట్టంలో ఆరు నెలలపాటు బర్రెల పక్కన, అదీ ఒక పశువే అన్నట్టు, పక్కన ఇంకొకరు కూర్చునే తొట్టి ఉన్న మోటారు సైకిలు ఒకటి నిలబడి ఉండేది. దాని మీద మా అన్న, ఆయన స్నేహితులు ఇద్దరు ఆఫ్రికా ఖండం దాటాలని తలపెట్టారు. స్నేహితులలో ఒకరు శాలిబండలో కుట్టుమిషన్లు బాగుచేసే భాయ్, ఇంకొకరు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం సేటు కొడుకు. బండి సేటు కొడుకుది, దానికి ప్రాణం పోసింది భాయ్, ఆలోచన మాత్రం మా అన్నది. బొంబాయిలో ఓడ ఎక్కి ముంబాసాలో దిగి, అక్కడినుంచి ఉత్తరంగా సూడాన్ ఎడారి మీదుగా కైరో దాకా పోవాలని. చార్మినారు దాటి పోవడానికే పది మందిని అడిగే మా బస్తీలో అటువంటి ఆలోచన ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. పాలవాళ్లింటి పిల్లకు కాలేజీ ఏమిటని అమ్మ మొదట ససేమిరా అంటే, అన్న రెండు పూటలు అన్నం ముట్టకుండా కూర్చుని ఒప్పించాడు. రోజూ పాలు పోసి వచ్చి, కాళ్లు కడుక్కుని, నన్ను కాలేజీ గేటు దాకా దిగబెట్టి వచ్చేవాడు. అందుకని ప్రయాణం పనులలో ఇంగ్లీషు పనులన్నీ నావే అయ్యాయి. ఓడ కంపెనీలకు ఉత్తరాలు రాశాను, కాలేజీ అట్లాసు మీద పలచటి కాగితం పెట్టి నదులూ ఊళ్లూ దించి ఇచ్చాను. సేటు కొడుకు దుకాణంలోని మల్లుగుడ్డతో దోమతెరలు కుట్టించాడు. భాయ్ వాళ్ల అమ్మ ముగ్గురూ తన కొడుకులేనని, బయలుదేరే రోజు ప్రయాణం క్షేమంగా సాగాలని ముగ్గురి దండలకూ ఇమామ్ జామిన్ తాయెత్తు కడతానని, అందులో హిందువు, ముసల్మాను అని చూడనని ముందే కబురు పంపింది. మా నానమ్మ అయితే సింహానికి నువ్వుల వాసన గిట్టదని ఎక్కడ విన్నదో ఏమో, డబ్బాల నిండా నువ్వులు దట్టించి సకినాలు చేస్తూ పోయింది.

అమ్మ ఒక్కతే ఏ పనికీ చేయి కలపలేదు. ఒకనాడు ముగ్గురూ వాకిట్లో బండికి నూనె పెడుతుంటే వచ్చి నిలబడి, "ఆఫ్రికల నీకు మేనత్త ఉన్నదారా, పిలువనంపింది?" అన్నది. సేటు కొడుకు నవ్వాడు. భాయ్ చేతులు తుడుచుకుంటూ, "ఫికర్ చెయ్యకున్రి అమ్మా, మీ కొడుకును సీదా తీస్కపోయి సీదా తెస్త," అన్నాడు. అమ్మ వాళ్లను చూసి చూసి చివరికి ఒక షరతు పెట్టింది. "బెజవాడ పోయి మూడో దినం దీపం పెట్టే యాళ్లకు నా వాకిట్లకు రాన్రి. వస్తే ఆఫ్రికా పోన్రి, నేను అడ్డం రాను. రాకుంటే నా కొట్టంలకెల్లి ఆ బండిని తియ్యున్రి." మా అమ్మ మాట అంటే మాటే. వాళ్లకు ఆఫ్రికా అంతా ఆ మూడు రోజులలో ఇమిడింది.

ఎడారిలో పెట్రోలు దొరకదు కనుక ఇప్పటినుంచే మోసుకుపోవడం అలవాటు కావాలని, గట్టివి చూసి మూడు పాత పాల క్యాన్లు ఎంచుకున్నారు. బయలుదేరే తెల్లవారుజామున అన్న పాలు పోయడానికి పోతూ, క్యాన్లలో పెట్రోలు నింపి మూతలు బిగించమని నాకు చెప్పిపోయాడు. నింపాను. ఎత్తి చూస్తే లోపల తొణికింది. తొణకకుండా ఉండాలంటే ఏం చేయాలో పాలవాళ్లింట పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు, పాల మీద వరిగడ్డి చుట్ట వేస్తాము. నేనూ మూడు చుట్టలు చుట్టి మూడు క్యాన్లలో వేసి మూతలు బిగించాను. మేలు చేశాననే అనుకున్నాను. ఎవరికీ చెప్పాలని కూడా తోచలేదు, పాల క్యానులో గడ్డి వేయడం చెప్పుకునే పనా?

పోయేటప్పుడు దుకాణాల పెట్రోలుతోనే నడిచి సుఖంగా బెజవాడ చేరారట. తిరుగు దారిలో, ఊళ్లు లేని చోట, క్యాన్లు విప్పారు. రెండు మైళ్లు పోగానే బండి ఆగింది. భాయ్ గొట్టాలు విప్పి ఊది బిగిస్తే ఇంకో మైలు నడిచి మళ్లీ ఆగింది. అట్లా ఎన్నిసార్లో. గడ్డిలోని పొట్టు, నూగు సన్నటి గొట్టంలో చేరి అడ్డం పడుతున్నదని తెలిసేసరికి మూడో రోజు పొద్దు వాలింది. ఇక్కడ అమ్మ దీపం పెట్టి, వాకిట్లో నిలబడి, లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చారు, దుమ్ము కొట్టుకుని, ఎవరి ముఖాన నెత్తురు చుక్క లేకుండా. భాయ్ మాత్రం నవ్వాపుకోలేక, "పాలోళ్ల మోటరు కదమ్మా, గడ్డి మేసింది!" అన్నాడు. ఎవరు వేశారని అమ్మ అడిగితే, నేను నోరు తెరిచేలోపలే అన్న, "నేనే వేసిన, అలవాటుల," అన్నాడు. "పాలకు పెట్రోలుకు ఫరక్ తెల్వనోడివి ఎడారి దాటుతవా?" అని అమ్మ లోపలికి పోయింది. తరువాత కొట్టంలో నన్ను పక్కకు పిలిచి, చెప్పకు, చెప్తే చదువుకున్న తెలివి ఇదేనా అని రేపటినుంచే నీ కాలేజీ మాన్పిస్తుంది, అన్నాడు. ఆయన చేతిలో తడి ఆరని గడ్డి చుట్ట ఒకటి ఉంది. పారేయబోతూ మళ్లీ ఎందుకో గూట్లో పెట్టాడు.

వారం తరువాత అమ్మ ఆ చుట్ట పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. చుట్ట చుట్టడంలో ఎవరి చేయి వారిదే. మా ఇంట్లో నేనొక్కదాన్నే ఎడమ చేత్తో చుట్టేదాన్ని. "ఇది నీ చేతిదోలె ఉన్నది బిడ్డా. వాడు చేసిన తప్పు కాకుంటే చెప్పు, ఇంకొక్క పారి పోనిస్త," అన్నది. నా పరీక్షలకు ఇంకా మూడు నెలలున్నాయి. "లేదమ్మా, అన్నదే," అన్నాను. అమ్మ ఆ చుట్టను కాసేపు చేతిలో తిప్పి, బర్రె ముందు వేయకుండా పెంటకుప్పలో పారేసి వచ్చింది.

మరుసటి ఏడు చూద్దాములే అనుకున్నారు ముగ్గురూ. ఇంతలో యుద్ధం వచ్చింది, ఓడలు వాళ్లలాంటివాళ్లకు అందలేదు, పెట్రోలు రేషను చీటీ మీద కూడా దొరకని రోజులొచ్చాయి, బండి ఎటో అమ్ముడుపోయింది. నేను బి.ఏ. ప్యాసయ్యాను. సేటు కొడుకు గల్లా దగ్గర కూర్చుని లావెక్కాడు. భాయ్ శాలిబండలో కుట్టుమిషన్ల దగ్గరే ఉండిపోయాడు. అన్న నాలుగు గంటలకు లేచి పాలు పోస్తూనే ఉన్నాడు.

నాది అబద్ధమని తెలిసే అమ్మ ఒప్పుకున్నదని నాకు అప్పుడు తోచలేదు, నేను తల్లినయ్యాక తోచింది. కొడుకును ఇంట్లో ఉంచుకోవడానికి ఆమెకు నా అబద్ధం కావలసివచ్చింది. నాకు కాలేజీ కావలసివచ్చింది. మా ఇద్దరికీ కలిపి అన్న ఒక్కడే చెల్లించాడు. ఇప్పుడు కాలం వేరు, ఊళ్లో హిందువులకూ ముసల్మాన్లకూ పడడం లేదు. కొడుకు పత్తర్‌గట్టికి పోయి వేళకు రాకపోతే తల్లులు తలుపు పట్టుకు నిలబడే రోజులు, ఏ ముగ్గురు స్నేహితులూ మ్యాపు పరిచి కూర్చోవడం నేను చూడలేదు. అప్పటి అమ్మలు సింహాలకు భయపడేవారు, అది ఎంత చిన్న భయమో. అమ్మ పోయినప్పుడు కూడా అన్న ఆ చుట్ట సంగతి ఎత్తలేదు, మొన్న వచ్చి మా వాడిని భుజాన ఎక్కించుకుని తిప్పినప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి కోపంగా అడిగి ఉంటే నాకు ఈపాటికి తేలికయ్యేది.