ఆయన మోసుకొచ్చిన ఇసుక

మూడో తట్ట కూడా ట్రాక్టర్లోకి వెళ్ళబోతుంటే చీపురు పక్కన పడేసి కూలీలకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. మా ల్యాబులో ఉన్న పొడవాటి గాజు ట్యాంకును తీసేస్తున్నారు, అందులోని ఇసుకను ఎక్కడో పునాదిలో పోసేస్తారట. అది మా ఆయన సముద్రం అడుగునుంచి తెచ్చిన ఇసుక.

సముద్రం అడుగున వేసిన పైపు కింద ఇసుకను నీళ్ళు కొంచెం కొంచెంగా కోసుకుపోతాయి, గుంత పెరిగితే పైపు కింద ఆనిక లేక విరిగిపోతుంది. ఆ గుంత ఎంత పడుతుందో ముందే తెలుసుకోవాలని మా సారు కంప్యూటర్లో నీళ్ళను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి గడిగడికీ లెక్క కట్టేవారు, ఆ లెక్క సరైనదో కాదో ట్యాంకులో చిన్న పైపు పెట్టి, నీళ్ళు వదిలి చూసేవారు. ప్రతిసారీ ఇసుకను చెక్కతో చదును చెయ్యడం నా పని. సముద్రంలో మునిగి పనిచేసే డైవరుగా ఉన్న మా ఆయన పైపు దగ్గరి ఇసుకను తడి గోనెసంచుల్లో భుజాన మోసుకొచ్చేవాడు.

“ఏటే, సముద్రమంతా నానే మొయ్యాలేటి?”

“మొయ్యి మావా. కిందన సేపలతో కబుర్లాడి వత్తన్నావ్ కదా.”

కంప్యూటర్ గీసిన గుంతా, ట్యాంకులో పడ్డ గుంతా ఒక్కలా వచ్చిన రోజు సారు అందరికీ స్వీట్లు పంచారు. గుంత లోతైనకొద్దీ అక్కడ నీళ్ళ ఉరవడి తగ్గుతుందనీ, ఒక లోతు దగ్గర ఆగిపోతుందనీ ఆయన చెబితే, నోట్లో లడ్డూలతో మేమిద్దరం తలలూపాం. ఆ వానాకాలంలోనే పైపు చూడడానికి దిగిన మా ఆయన ప్రాణంతో పైకి రాలేదు. నాలో పడ్డ గుంత మాత్రం ఇంకా ఆగలేదు.

ఇప్పుడు లెక్క కుదిరింది గనక ట్యాంకుతో పనిలేదు, అంతా స్క్రీను మీదే. తుడవడానికి తడి నేలా లేదు, తడి చేసే మనిషీ లేడు.

“ఒక బకెట్ ఇసక తీసుకుంతానండి సారూ,” అన్నాను.

“ఈ పాత ఇసక ఏం చేసుకుంటావమ్మా...” అంటుండగానే ఆయనకు గుర్తొచ్చినట్టుంది. కూలీ చేతిలో తట్ట అందుకుని తనే నా బకెట్ నింపారు.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని కంచరపాలెంలో మా ఇంటికి తెచ్చాను. మర్నాడు పొద్దున్నే మా అత్త మంచినీళ్ళ కుండ పక్కన పెట్టి, కిందున్న ఇసుక తీసేశాను.

“బాగున్న ఇసక మార్సడమేటే?” అంది అత్త.

“ఇది నీ కొడుకు తెచ్చింది అత్తా.”

ఆమె కుండను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది. నేను ఆ ఇసుక పోసి చెక్కతో చదును చేశాను. ఆమె కుండ దించాక, కింద ఎక్కడా బోలుగా లేకుండా చుట్టూ అరచేత్తో గట్టిగా ఒత్తాను.