మీవి ఏ నీళ్ళండీ?

మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోన్ చూస్తుంటే, చేపలు పెంచేవాళ్ళ గ్రూపులో ఎవరో అమ్మాయి ఒక ఫోటో పెట్టి, మా చేప వారం రోజులుగా మేత ముట్టడం లేదు, దయచేసి ఎవరైనా చెప్పండి అని రాసింది. ఆ గ్రూపులో నేను ఎప్పుడో చేరి, నోరు మెదపకుండా ఓ మూల పడి ఉన్నాను. నాకంటే తెలిసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు కదా, వాళ్ళే చెబుతారులే అనుకున్నాను. నిజంగానే ఒకరు ఏదో టైప్ చేస్తున్నట్టు కనిపించింది, అంతలోనే ఆగిపోయింది. ఇంకొకరు మొదలుపెట్టారు, వాళ్ళూ మానేశారు. కాఫీ చల్లారేదాకా ఇదే వరస. చివరికి ఉండబట్టలేక నేనే నాలుగు వాక్యాలు రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, మొత్తం చెరిపేశాను. తెలిసిన మాట చెప్పడానికి ఇంతమందికి చెయ్యి ఎందుకు రాదో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ పూర్తిగా అర్థమైందని చెప్పలేను. అప్పుడూ అంటున్నానంటే, ఇలాంటి ప్రశ్న ఒకప్పుడు నేనూ అడిగాను కాబట్టి.

ఇంటర్నెట్ సెంటర్ల కాలం అది. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ప్లైవుడ్ అరలు, ఆ అరలకో కర్టెను, లోపల ఎప్పుడు నెమ్మదిస్తుందో తెలియని కంప్యూటరు. నేను టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసేదాన్ని. పటమటలో మా ఇల్లు, అమ్మానాన్నలు మా దగ్గరే ఉండేవారు. డ్యూటీ దిగి వస్తూ దారిలో ఉన్న సెంటర్లోకి వెళ్ళి కూర్చుంటే, కాలేజీ కుర్రాళ్ళు పక్క అరల్లోంచి, ఈవిడకి ఇక్కడేం పని అన్నట్టు తొంగి చూసేవారు. నేనూ వాళ్ళని అలాగే చూసేదాన్ని.

నా పనేమిటంటే మా నాన్నగారి చేప. నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ, మాటా పోయాయి. అంతకు ముందు ఆయన ఇంట్లో ఉంటే గొంతు వీధి చివరికి వినిపించేది. అలాంటి మనిషి కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తుంటే మాకు దిక్కు తోచేది కాదు. కాస్త కాలక్షేపంగా ఉంటుందని మావారు ఒక చేపల తొట్టె, అందులోకి ఆస్కార్ అనే జాతి చేప పిల్లనొకదాన్ని తెచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టారు. అది చూస్తుండగానే అరచెయ్యంత అయింది. మిగతా చేపల్లా తన మానాన తను తిరిగే రకం కాదు, మనుషుల్ని గుర్తుపడుతుంది. నాన్నగారు కుర్చీలో కదిలితే చాలు, అద్దం దగ్గరికి వచ్చి మూతి ఆనించేది. నేను పొద్దునా సాయంత్రం గుళికల మేత వేసేదాన్ని. అది తిన్నాక గానీ నాన్నగారు తన కంచం దగ్గరికి రానిచ్చేవారు కాదు. మేము దాన్ని పెద్ద వింతగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయేవాళ్ళం.

మురిపెం ఎంతో కాలం నిలవలేదు. చేప తలమీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అవి పెద్దవయ్యాయి. మేత వేస్తే మొహం తిప్పుకుని ఓ మూల నిలబడేది. అది తినకపోతే నాన్నగారూ నోరు తెరిచేవారు కాదు. అమ్మ ముద్ద పట్టుకుని బతిమాలేది, నేను కసిరేదాన్ని, రెంటికీ ఆయన కళ్ళు తొట్టెకేసే ఉండేవి. డాక్టరుగారు వచ్చి, ఎలాగైనా తినిపించండమ్మా, ఆయనకి వేరే జబ్బేం లేదు, నీరసమే తీసుకుపోతుంది అన్నారు. చేప గురించి ఆయనకి చెబితే నవ్వుతారని చెప్పలేదు. చేపలమ్మే షాపువాడు ఒక నీలంరంగు మందు ఇచ్చాడు, అది వేస్తే నీళ్ళు నీలంగా అయ్యాయి, అంతకు మించి ఏం జరగలేదు.

అప్పుడు మావారి స్నేహితుడొకరు దేశంలోని చేపల పిచ్చివాళ్ళంతా చేరిన గ్రూపొకటి ఇంటర్నెట్లో ఉందని చెబితే, వెళ్ళి చేరాను. అందరివీ మారుపేర్లే, చేపల పేర్లో రాళ్ళ పేర్లో పెట్టుకున్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో తొట్టె ఎంత పొడవు, ఫిల్టరు ఉందా లేదా, గుంటలు ఎక్కడ పడ్డాయి, ఏ మేత వేస్తున్నాను, అన్నీ వివరంగా రాశాను. నాన్నగారి సంగతి రాయలేదు. చేప జబ్బుకీ మా ఇంటి కష్టానికీ ఏం సంబంధం?

మర్నాడు వెళ్ళి చూస్తే ఎంతోమంది చదివినట్టు ఉంది, జవాబు మాత్రం ఒక్కటీ లేదు. ఆ మర్నాడూ అంతే. అదే గ్రూపులో తమ తొట్టెల ఫోటోలు పెట్టుకున్నవాళ్ళని మెచ్చుకోవడానికి మాత్రం అందరికీ తీరిక ఉంది! నాకసలే ముక్కుమీద కోపం. ఇంట్లో మనిషి తిండి మానేసి కూర్చుంటే, వీళ్ళు చదివి చక్కా పోతున్నారే అని ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకి తెలియకనా, తెలిసి చెప్పకనా? తెలిసి చెప్పకపోతే దాచుకుని ఏం చేసుకుంటారు?

మూడో రోజున అనుకుంటాను, గ్రూపులో కాకుండా నా సొంత మెయిలుకి ఒక ముక్క వచ్చింది. మేడమ్, మీది ఏ ఊరు, మీవి ఏ నీళ్ళు, అంతే. మందు చెప్పమంటే ఊరు అడుగుతాడేమిటి, ఎవడో పోకిరీ అనుకుని ఊరుకోబోయాను. కానీ నీళ్ళెందుకు అడిగాడో అంతుపట్టక, విజయవాడ, పంపు నీళ్ళు అని మాత్రం రాశాను. వెంటనే జవాబు. నాది బెంజ్ సర్కిల్ దగ్గర కళ్ళజోళ్ళ షాపు, ఒక సీసాలో మీ తొట్టె నీళ్ళు పట్టుకుని రండి అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేశమంతా వెతికి పట్టుకున్న మనిషి మా ఇంటికి సిటీ బస్సులో వెళ్ళేంత దూరంలో ఉన్నాడు.

మావారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన్ని అందరూ భాయ్‌గారు అనేవారు, మేమూ అలాగే పిలిచాం. నడివయసు మనిషి, తెల్లచొక్కా, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. సీసా మూత తీసి వాసన చూశారు, వేలు ముంచి రెండు వేళ్ళ మధ్య రాసి చూశారు, మొహం చిట్లించారు. మందు పేరు చెబుతారేమోనని నేను పెన్ను తీశాను. ఆయన మాత్రం శుక్రవారం నమాజు అయ్యాక షాపు కాసేపు మూసే ఉంటుందండీ, అప్పుడు ఇంటికొచ్చి చూస్తాను అన్నారు. ఏమిటీ బెట్టు, ఓ ముక్క చెబితే సొమ్మేం పోయింది అని దారంతా మావారి దగ్గర విసుక్కున్నాను.

చెప్పిన మాట ప్రకారం వచ్చారు. ఆ రోజు నేను సెలవు పెట్టాను. తొట్టె చుట్టూ తిరిగి చూసి, ఏమీ అనకుండా నాన్నగారి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనం వేళ, ఆయన్ని ఎలా లేవమంటాం? ఆయనున్నా ఫరవాలేదని అమ్మ పెరుగన్నం కలిపి కంచం తెచ్చింది. అప్పుడు జరిగింది నేను కళ్ళారా చూశాను. నాన్నగారు ఎడమచేత్తో ఇంత ముద్ద తీసుకుని, అదే చేతి మణికట్టుతో తొట్టె మూత ఓరగా ఎత్తి, అందులో వదిలారు. చేప కన్నెత్తి చూడలేదు. ముద్ద విడిపోయి మెల్లగా గులకరాళ్ళ మధ్యకి దిగింది. నాన్నగారు మూత దించి, కంచం పక్కకి నెట్టేశారు.

భాయ్‌గారు నాకేసి చూశారు. నేను అమ్మకేసి చూశాను.

"రోజూ పెడతారుగా," అంది అమ్మ, అందులో వింతేముందన్నట్టు. "వేడిచేసేది కాదు, కారం కాదు, కమ్మటి పెరుగన్నం. మనిషి తినేది చేపకెందుకు పడదే?"

అప్పుడు నాకు వెలిగింది. కాళ్ళూ చేతులూ బాగున్న రోజుల్లో నాన్నగారు ఏనాడూ మొదటి ముద్ద తాను తినలేదు. పెరటి పిట్టగోడ మీద కాకులకి పెట్టి వచ్చాకే కంచం ముందు కూర్చునేవారు. ఇప్పుడు పిట్టగోడ దాకా నడవలేరు. అందుబాటులో ఉన్న ప్రాణి ఇదే. ఆ మాటే భాయ్‌గారికీ చెప్పాను. నేను ఎక్స్చేంజిలో కూర్చుని ఊళ్ళోవాళ్ళందరినీ ఒకరితో ఒకరిని కలుపుతున్న వేళ, మా ఇంట్లో రోజూ జరిగే ఈ సంగతి నాకు తెలియదు. భాయ్‌గారు తొట్టెలో రాళ్ళు కదిపితే అడుగునుంచి వచ్చిన కంపుకి మావారు వీధిలోకి పరుగెత్తారు.

ఇక పెట్టొద్దని ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి? మాట పోయిన మనిషికి మిగిలిన ఒక్క పుణ్యం అది. భాయ్‌గారే పీట దగ్గరికి జరుపుకున్నారు.

"బాబాయిగారూ, ఇది మీ కాకిలాంటిది కాదండీ, పెరుగన్నం అరగదు దీనికి. రొయ్య పెడదామండీ. రోజూ మీ చేత్తోనే పెట్టండి, సరేనా?"

నాన్నగారు ఒకసారి తొట్టెకేసి చూశారు. తరవాత తల ఊపారు. అమ్మకి ఇంట్లో నీచు ముట్టడమే కష్టం, అయినా మర్నాటి నుంచి మావారు తెచ్చిన పచ్చిరొయ్యని ఒలిచి, చిన్న ముక్క చేసి, తన ముక్కు పక్కకి తిప్పుకుని, నాన్నగారి ఎడమ అరచేతిలో పెట్టేది. రాళ్ళన్నీ తీసేశాం. నీళ్ళు ఒక్కసారిగా కాకుండా, డ్రమ్ములో నిలవబెట్టినవి కొంచెం కొంచెంగా మార్చడానికి భాయ్‌గారే షాపు మూసి వచ్చేవారు, వద్దన్నా వినలేదు. కొన్నాళ్ళకి ఆ చేప ముందుకొచ్చి, నాన్నగారి వేళ్ళ మధ్య నుంచి ముక్క లాక్కుంది. ఆయన నవ్వారు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు. అమ్మ ముద్ద పెడితే తిన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

ఆ సంతోషంలో భాయ్‌గారి షాపుకి మిఠాయి పట్టుకెళ్ళి, నా మనసులో ఉన్నది అడిగేశాను. మా ఇంటికి ఇన్నిసార్లు వచ్చిన మనిషి, ఇంత తెలిసిన మనిషి, గ్రూపులో ఆ రెండు ముక్కలు రాసేస్తే ఎంతమందికి మేలు జరిగేది? ఆయన అద్దాలు తుడుస్తూ, ఉత్తరం రాస్తే కళ్ళు చూడకుండా కళ్ళజోడు పంపిస్తామా అండీ అన్నారు. మిఠాయి పొట్లం పక్కన పెట్టి తనే మళ్ళీ చెప్పుకొచ్చారు. ఒకప్పుడు అడిగిన ప్రతివాళ్ళకీ రాసేవారట. జబ్బుచేసిన చేపకి సగం నీళ్ళు మార్చెయ్యమని ఒకసారి రాశారు. మన కృష్ణ నీళ్ళని మనసులో పెట్టుకుని రాసిన మాట అది. గుడివాడ అవతల ఎవరో ఒకాయన ఆ మాట ఎండాకాలంలో చదివాడు. కాలువలు కట్టేసిన రోజులు, చెరువులో నిలవచేసిన నీళ్ళకి బ్లీచింగ్ దండిగా కలిపి వదిలే రోజులు. ఒక్క పూటలో తొట్టెలోని చేపలన్నీ పోయాయి.

"తిట్టినా బాగుండేదమ్మా. మీరు చెప్పినట్టే చేశానండీ, థాంక్సండీ అని రాశాడు."

అది నీళ్ళ వల్లే జరిగిందా, చేపలు అప్పటికే పోయే స్థితిలో ఉన్నాయా, అది కూడా తెలియదన్నారు. తెలియకపోవడమే ఆయన్ని పట్టుకుంది. గ్రూపులో మిగిలినవాళ్ళు ఎవరిది తప్పని తగవు పడ్డారట, ఏం చదివావని సలహాలిస్తున్నావు అని కూడా ఎవరో అడిగారట. అది పెద్ద విషయం కాదు గానీ, ఆ థాంక్సు మర్చిపోలేకపోతున్నాను అన్నారు. అప్పటినుంచి అందరిముందూ ఏమీ రాయరు. దగ్గర్లో ఉన్నవాళ్ళైతే వెళ్ళి చూస్తారు. దూరమైతే ఊరుకుంటారు. మరి ఆ దూరంవాళ్ళ గతి ఏమిటండీ అన్నాను. ఆయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచారు.

నేను ఆయనలా పిరికిదాన్ని కాననుకుని, మా చేప బాగుపడిన వైనం రాద్దామని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఏమని రాయను? రాళ్ళు తీసెయ్యండి అనా? మా రాళ్ళ కింద పెరుగన్నం ఉంది కాబట్టి తీశాం. రొయ్యలు పెట్టండి అనా? నీళ్ళ వల్ల తగ్గిందా, మేత వల్లా, ఆ చేప దానంతటదే కోలుకుందా? రాసిన ప్రతి వాక్యం పక్కనా మీ ఇంట్లో ఎవరుంటారు అని అడగాలనిపించింది. అడిగితే నవ్విపోరూ? టైము అయిపోయిందని సెంటరు అబ్బాయి కర్టెను తొలగించేసరికి తెరమీద ఒక్క ముక్కా మిగల్లేదు. నేను తిట్టుకున్నవాళ్ళంతా ఇలాగే లేచి వెళ్ళిపోయి ఉంటారా అనిపించింది. అందరూ ఇలాగే మంచివాళ్ళని చెప్పలేను. మామూలు బద్ధకమూ ఉంటుంది. ఏది మంచితనమో ఏది భయమో విడదీయడం ఈనాటికీ నాకు చేతకాలేదు.

నాన్నగారు తరవాత కొన్నేళ్ళు మా మధ్యనే ఉన్నారు. ఆయన పోయాక కూడా ఆ చేప మధ్యాహ్నం వేళకి కుర్చీ వైపు మూలకి వచ్చి నిలబడేది. భాయ్‌గారి షాపు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మొబైల్ షోరూము ఉంది, ఆయన ఎటు వెళ్ళారో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఈ రోజుల్లో ఏ జబ్బుకైనా వెయ్యి జవాబులు క్షణంలో దొరుకుతాయంటారు. దొరుకుతాయి, నేనూ చూశాను. సీసాలో నీళ్ళు పట్టుకుని రండి అనే మనిషి మాత్రం దొరకడు.

ఆ ఆదివారం చెరిపేసిన వాక్యాల చోట చివరికి రెండే ప్రశ్నలు రాశాను. మీవి ఏ నీళ్ళమ్మా? మీ చేపకి మేత పెట్టేది ఎవరు? పంపగానే ఎవరో పగలబడి నవ్వే బొమ్మ పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను. దాని కింద ఆ అమ్మాయి పేరు కనిపించింది, ఏదో రాస్తోంది. ఆగింది. మళ్ళీ రాయడం మొదలుపెట్టి, మళ్ళీ ఆగింది. ఏ నీళ్ళో చెప్పడానికి అంతసేపు పట్టదు. ఆ ఇంట్లోనూ ఓ కుర్చీలో ఎవరో ఉన్నారు కాబోలని, కళ్ళజోడు సవరించుకుని, ఫోన్ కింద పెట్టకుండా కూర్చున్నాను.