కాకి కంటే ముందే

పోయి ఏడాది దాటినా, చాంద్రాయణగుట్ట వెనక మా గల్లీల్లో ఆయన్ని నల్లా మొగులయ్య అనే తలచుకుంటారు. ముప్పై ఏళ్లు మాకు నల్లా నీళ్లు వదిలింది ఆయనే. వాల్వు తిప్పే ఇనుప రాడ్డు భుజాన వేసుకుని సైకిల్ మీద వస్తుంటే, బిందెలు వాటంతటవే బయటికొచ్చేవి. ఎవరింట్లో పెళ్లి ఉంటే ఆ గల్లీకి ఇంకాసేపు వదిలేవాడు. "గింత లేటేంది మొగులన్నా?" అని ఎవరైనా లొల్లి పెడితే, "నీ పెండ్లికి నువ్వే లేటొచ్చినవ్ గద భాయ్," అని నవ్వించి పోయేవాడు.

అట్లాంటి మనిషికి రిటైరయ్యాక కిడ్నీలు చెడిపోయాయి. రోజంతా కలిపి తాగాల్సింది రెండు గ్లాసుల నీళ్లే. అవీ భార్య శారదమ్మ కొలిచి పోసేది. కూరలో ఉప్పు కూడా ఆమె వేసినంతే. వారానికి మూడుసార్లు ఆస్పత్రిలో డయాలసిస్. మూడేళ్లు నవ్వుతూనే లాక్కొచ్చాడు. తర్వాత గుండె కూడా బలహీనపడింది. మిషన్ పెట్టినప్పుడల్లా బీపీ పడిపోయేది. ఇంటికొచ్చి పడుకుంటే మర్నాటి సాయంత్రానికి గానీ లేచేవాడు కాదు. లేచేసరికి మళ్లీ డయాలసిస్ ముందుండేది.

ఒకరోజు మొగులయ్య తన డాక్టరు శ్రీహితతో తేల్చి చెప్పేశాడు. "మేడం, ఇగ నాతోని గాదు. మిషన్ బంద్ జేయండి."

ఆమె వెంటనే సరే అనలేదు. నిరాశతో అంటున్నాడేమోనని మానసిక వైద్యుడితో మాట్లాడించింది. గుండె డాక్టర్లనూ అడిగింది. చివరికి శారదమ్మనూ, కొడుకు నందునూ కూర్చోబెట్టింది.

"వద్దనే హక్కు ఆయనకుంది. మిషన్ ఆపితే ఎక్కువ రోజులుండరు. కానీ ఆయన్ని తీసుకెళ్లేది జబ్బు, మీరు కాదు. ఆయాసం లేకుండా, నొప్పి లేకుండా మందులిస్తాం. మా నర్సు ఇంటికే వస్తుంది. ఆయన్ని వదిలెయ్యం."

"బాపు ఎట్లంటే గట్లనే," అని నందు ఏడ్చేశాడు.

శారదమ్మ మాత్రం లేచి నిలబడింది. "మూడేండ్లు కడుపుల పెట్టుకోని సూసిన. ఇప్పుడు నా నోటితోని సచ్చిపో అనాల్నా?"

భార్య మాట కాదనలేక మొగులయ్య మళ్లీ డయాలసిస్‌కి వెళ్లాడు. పక్కింటిదాన్ని, రోజూ చూసేదాన్ని, నాకు ఆమె మీద ఒళ్లు మండింది. ఆమె స్థానంలో నేనుంటే ఏమనేదాన్నో మాత్రం నాకూ తెలియదు.

ఆ వారమే ఎదురింటి అంజన్న పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. వాళ్ల మిద్దె మీద మటన్, గారెలు, కల్లు పెట్టారు. కాకి దిగీ దిగగానే మటన్ మీద పడింది. తన గడపలో కూర్చుని చూస్తున్న మొగులయ్య గుటకలు మింగాడు.

"శారదా, గా కాకి నసీబు సూడే. నా మూడొద్దులకు ఏం పెడ్తవ్?"

"నోర్ముయ్."

ఆయన వదిలితేగా. "జెప్పే. ఎట్లైనా పెడ్తవ్ గద."

శారదమ్మ విసుగ్గానే మొదలుపెట్టింది. "తలకాయ కూర. జొన్నరొట్టె. కల్లు. సల్లటి నీళ్లు, చెంబు నిండ..."

కొంగుతో ముఖం తుడుచుకుని చాలాసేపు ఆ కాకినే చూసింది. తర్వాత ఆయన పక్కకి జరిగి కూర్చుంది.

"రేపు మిషన్ కాడికి పోవద్దు తియ్యి," అంది.

ఆ తర్వాత ఆ ఇల్లు పెళ్లిల్లే అయింది. ఆయన చేతి నీళ్లు తాగినవాళ్లంతా వచ్చి, పాత ముచ్చట్లు చెప్పి నవ్వించి పోయారు. నర్సు వచ్చి ఆయాసానికి మందులిచ్చేది. ఆయనకు ఓపిక ఉన్న ఒక మధ్యాహ్నం శారదమ్మ తలకాయ కూర వండింది. మొగులయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. చుట్టూ ఉన్న మేమంతా దగ్గరికి జరిగాం.

"ఏమైంది? నొస్తుందా?" అంది శారదమ్మ.

"ఉప్పేదే?"

మేమంతా పగలబడి నవ్వాం. మూడేళ్ల అలవాటు, ఆమె చెయ్యి తగ్గించే వేసింది. శారదమ్మ నవ్వలేదు. ఉప్పు డబ్బా తెచ్చి, మూత తీసి, అట్లాగే పట్టుకుని కూర్చుంది. మొగులయ్య తొందర పెట్టలేదు. కంచం కొంచెం ముందుకు జరిపాడు. ఆమె చిటికెడు ఉప్పు తీసి చల్లింది. కలిపి, ముద్ద చేసి, తనే ఆయన నోట్లో పెట్టింది.

"ఇప్పుడు సరిపోయిందా?"

ఆయన మెల్లగా నమిలి మింగాడు. "ఇప్పుడు నా పెండ్లాం వండినట్టున్నది."