బావ చేతిలోని వాలు అక్షరాలు

మొన్న తేని సంతలో పంచిన ఏలక్కాయల వేలం నోటీసొకటి మనవడు తెచ్చి చేతిలో పెట్టాడు. చూడగానే ఒళ్ళు మండింది, ఎందుకంటే అందులో సరుకు పేరు మొదలు చివరి దండం దాకా ప్రతి ముక్కా బొద్దక్షరాల్లోనే అరుస్తోంది, మెల్లగా చెప్పవలసిన మాటకు మెల్లని అక్షరం ఒకటి ఉండేదని ఇప్పటి అచ్చువాళ్ళకు తెలియనే తెలియదు.

కంపెనీ పోయి రాణిగారి దొరతనం వచ్చిన తొలిరోజుల్లో మధురలో మా మేనమామకు చిన్న అచ్చుకూటం ఉండేది, నేనూ మామ కొడుకైన మా బావా అందులో సీసపు అక్షరాలు పేర్చేవాళ్ళం. బావ దొరల బడిలో చదివినవాడు. నేను వాడిపట్టి అనే పల్లె చేలల్లోంచి వచ్చి, ఇంగిలీషు అక్షరాలను సీసం మీద తిరగబడ్డ రూపంలోనే నేర్చుకున్నవాణ్ణి. ఒక పెట్టెను మాత్రం మామ బావను తప్ప ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. అందులోవి సన్నని ఇంగిలీషు అక్షరాలు, కుడివైపుకి వాలి ఉండేవి, అయినా ప్రతి గీత కిందా చదరపు పాదం. నల్లరేగడిలో మడక లాగే కోడెను చూసినవారికి చెప్పనక్కరలేదు, ఒళ్ళంతా ముందుకు వాలినా గిట్టలు నేలను విడవవు, అట్లాంటి అక్షరమది. వేలం కాగితంలో సరుకు పేరు బొద్దక్షరాల్లో కేక పెడితే, ఈ అక్షరం దాని కింద నిలబడి చోటూ వేళా చెవిలో చెప్పేది. దొరల విందు పిలుపులకూ అదే. పుటలకు పుటలు నింపితే కళ్ళు నొస్తాయి, ఒకటి రెండు వరుసల్లోనే దాని అందం.

ఆ పెట్టె నాకివ్వమని మామ వెంటపడ్డాను. "నీ మడక చేతికి సన్నవి విరిగిపోతాయిరా, నీకి బొద్దువి చాలు పో" అనేవాడు. తన కొడుకు చేతులేమన్నా పట్టుతో నేశారా! చివరికి బదిలీ అయి పోతున్న ఒక దొర గుర్రాల వేలానికి, బాగా పేర్చినవాడిదే పెట్టె అని, ఒకే వరుసను ఇద్దరి చేతా పేర్పించాడు. నేను బొద్దక్షరాల అలవాటు చొప్పున ఇరికించి బిగించాను. బావ అక్షరానికీ అక్షరానికీ నడుమ గాలి ఆడనిచ్చాడు. అచ్చు తీసి పక్కపక్కన ఆరేస్తే, నాది సంతలో తోసుకునే జనం, వాడిది బారుగా పోయే కొంగలు. వాడిదే బాగుంది, అదే నా కడుపుమంట.

సాయంత్రం బావ ఆ పెట్టె మోసుకొచ్చి నా ముందు దించి, "ఇంత ఏడుపెందుకప్పా, నువ్వే పెట్టుకో, నాకి వేరే పని లేదా" అని నవ్వాడు. ఆ నవ్వుకే మండింది. "నీ బిచ్చం నాకొద్దు బావా, ఎత్తుకుపో" అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను, గెలవని పెట్టెను ఏ ముఖంతో ముట్టేది?

ఆ తరువాత బావ పేర్చిన ప్రతి వరుసనూ చాటుగా వెలుతురుకు పట్టి తప్పు వెదికేవాణ్ణి, ఒక్కటీ దొరికేది కాదు, ఆ వెదుకులాటలోనే ఆ అక్షరాల నడక నాకు కంఠతా వచ్చింది. అరిగిపోయాక మామ వాటిని కరిగించేశాడు, బావ కోయంబత్తూరికి పత్తి వ్యాపారానికి పోయి అక్కడే కన్నుమూశాడు. ఇప్పుడు వీధికొక అచ్చుకూటం, చేతుల్లో వేగం. నడుమ గాలి ఎందుకని అడిగేవాడు లేడు, చెప్పమనేవాడూ లేడు. ఈ చుట్టుపట్ల ఆ అక్షరాన్ని ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, అంటే గెలిచినట్టే. కానీ కుళ్ళుకోవడానికైనా సాటివాడొకడు బతికుండాలి కదయ్యా.