రాజారత్నం గోడ మీద పేర్లు

పూతలపట్టు కూడలిలో రాజారత్నం షెడ్డుకు బోర్డు లేదు. లోపల ఒక గోడ నిండా మేకులు కొట్టి విరిగిన పళ్ళచక్రాలు, పగిలిన గొట్టాలు, అరిగిన లాకర్లు తగిలించి ఉంటాయి. ఒక్కోదాని కింద సుద్దతో ఒక పేరు రాసి ఉంటుంది. అది ఎవరి తప్పు వల్ల పోయిందో వాళ్ళ పేరు. డ్రైవరు తప్పయితే డ్రైవరు పేరు. ఎవరి తప్పూ లేక సామానే నాసిదైతే 'సామాను' అని. ఆ గోడ మీదికి తమ పేరు ఎక్కకూడదని జీపులవాళ్ళంతా హడలి చస్తారు. నాకు మాత్రం కోపం ఎక్కువ, భయం తక్కువ.

నా పేరు నాగవేణి. మాది పైకోన, రోడ్డు నుంచి ఏడు కిలోమీటర్లు లోపలికి కొండ మీద. మా ఆయన ధనంజయకు ఆ దారి చూస్తేనే కళ్ళు తిరుగుతాయి కాబట్టి జీపు నేనే తోలతాను. పొద్దున ఆరున్నరకల్లా ముప్పై ఇళ్ళ పాలు కింద డెయిరీ సెంటర్లో దించాలి. మా పల్లె బతికేదే ఆ పాలతో.

దిగే దారే అయినా మధ్యలో నీళ్ళు పారే వంక దాటి ఎదురుగట్టు ఎక్కాలి. అక్కడ వెనక చక్రం ఒకటి గాల్లోకి లేస్తుంది. మామూలు జీపయితే లేచిన చక్రమే గిరగిరా తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. ఇరుసులో ఉండి రెండింటినీ కలిపి తిప్పేదే లాకరు; మలుపులో ఒక చక్రం ఎక్కువ తిరిగితే ఆ పక్క కాసేపు వదిలేస్తుంది. రాజారత్నం దగ్గర అది వేయించుకున్నాక మూడేళ్ళు నా బండి ఎక్కడా ఆగలేదు. పోయిన ఆషాఢంలో టకటకమని చప్పుడు మొదలై, ఒక రోజు వంకలో నిలబడిపోయింది. క్యాన్లలో పాలన్నీ విరిగాయి. ఆయన పాతదాని కింద 'సామాను' అని రాసి గోడకు తగిలించి, కొత్త లాకరు బిగించాడు. రెండు నెలలు తిరక్కముందే అదీ పోయింది, మళ్ళీ పాలు విరిగాయి.

సెంటరు నడిపే మునికుమార్ మొహం మీదే చెప్పాడు. "అక్కా, ఇంగొక్కసారి ఇట్టయిందంటే మీ పల్లె పాలు తీసుకునేది లేదు. పైవాళ్ళు నన్ను తిడతా ఉండారు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ట్రాక్టరుతో జీపును లాగించుకుని షెడ్డుకు పోయాను. రాజారత్నం భార్య ఎస్తేరు కాఫీ గ్లాసు అందిస్తే తీసుకోలేదు.

"ఏం మెకానిక్కువప్పా నువ్వు! నకిలీ సామాను బిగించి మా పల్లె నోట్లో మన్ను కొడితివే! ఇంగోసారి ఆగిందంటే జీపును పాతసామాన్లోడికి తోసేస్తా, నీ సంగతి చిత్తూరు దాకా చెప్తా!"

అక్కడ పదిమంది ఉన్నారు. ఇంకెవరైనా అయితే నా మీదికి లేచేవారు. ఆయన చేతులు తుడుచుకుని, "అట్లే చెప్పుమ్మా. ముందు దీన్ని సూస్తాను" అన్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. గ్రానైటు క్వారీల్లో టిప్పర్ల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. ఒకసారి అక్కడ బ్రేకు పోతే, మెకానిక్కు మేస్త్రీ చేసిన తప్పును డ్రైవరు నెత్తిన వేసి పనిలోంచి పంపించేశారట. సొంత షెడ్డు పెట్టిన రోజే ఈ గోడకు మేకులు కొట్టాడని ఎస్తేరు చెబుతుంది.

ఆయన ఏ బండినైనా ఒకేలా మొదలుపెడతాడు. ఇరుసులోని ఆయిలును పాత స్టీలు పళ్ళెంలోకి దించి అందులో అయస్కాంతం తిప్పుతాడు. అతుక్కున్న ఇనుప పొట్టును తెల్లగుడ్డ మీద పరిచి వేలితో రాస్తూ కూర్చుంటాడు. అంతసేపూ పిలిచినా పలకడు. ఆ రోజూ అదే చేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత లాకరు విప్పి చూపించాడు. కుడివైపు పళ్ళు కొత్తవాటిలాగే ఉన్నాయి, ఎడమవైపువి గుండ్రంగా అరిగిపోయాయి. గోడ మీది పాత లాకరును దించి పక్కన పెట్టాడు. అందులోనూ ఎడమవైపే అరిగింది.

"సామాను మంచిదేమ్మా. ఒక పక్కే ఎందుకు తినేసింది?" అంటూ లేచాడు. జాకీతో బండి ఎత్తి, కుడి టైరు చుట్టూ నూలుతాడు చుట్టి సరిగ్గా కోశాడు. అదే తాడును ఎడమ టైరుకు చుట్టాడు. నాలుగు వేళ్ళంత తాడు మిగిలిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆషాఢానికి ముందు కుడి టైరు పేలితే ఆ ఒక్కటే కొత్తది వేయించాను. ఎడమది ఇంకా నడుస్తుంది కదా, పారేయడమెందుకని. మా కొండల్లో అందరం చేసే పనే. అరిగిన టైరు చిన్నది, కొత్తదానితో సమానంగా పోవాలంటే ఎక్కువ చుట్లు తిరగాలి. పాపం లాకరు తిన్నటి రోడ్డు మీద కూడా ఆ పక్క పట్టుకుంటూ వదులుతూ పళ్ళు అరగదీసుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంతమంది ముందు నోరు పారేసుకుందీ నేనే, తప్పు చేసిందీ నేనే.

రెండు టైర్లూ ఒకే కొలతవి వేసి, మూడో లాకరు బిగించాడు. బండి చెడిన చోటు దాటిందాకా పని అయిపోయినట్టు కాదంటాడాయన. ఆ సాయంత్రమే నాతో పైకోనకు వచ్చి మా ఇంట్లోనే పడుకుని, పొద్దున్నే పాలక్యాన్ల మధ్య కూర్చున్నాడు. వంకలో నీళ్ళు, ఎదురుగా జారుడుగట్టు. ఎడమ చక్రం లేచింది. లోపల కటుక్కుమని పట్టుకుంది, జీపు గట్టెక్కేసింది. ఆరూ ఇరవైకి మునికుమార్ పాలు దించుకున్నాడు.

ఆయన్ను దింపడానికి షెడ్డుకు పోయాను. బండి ఆపి లోపలికి వచ్చేసరికి ఆయన సుద్ద పట్టుకుని గోడ దగ్గర ఉన్నాడు. గోడ వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు, అయినా చూశాను. రెండు లాకర్లూ పక్కపక్కన ఉన్నాయి. మొదటిదాని కింద ఇదివరకు రాసిన 'సామాను' చెరిపేసి ఉంది. రెండింటి కిందా ఒకే పేరు: రాజారత్నం.

"అదేందన్నా! టైరు మార్చింది నేను కదా?"

"నువ్వు బండి తోలేదానివి, నీకేం తెలుస్తాదిమ్మా? టైర్లు జతగానే మార్చాలని లాకరు ఏసినప్పుడే నీకు నేను చెప్పలేదు. మొదటిది పోయినప్పుడే తాడు చుట్టి సూడాల్సినోణ్ణి. సూడకుండా సామాను మీద తోసేసినా. రెండోసారి మీ పాలు విరగ్గొట్టింది నేనే."

ఏడుపొచ్చేసింది నాకు. 'తప్పు నాది' అని ఇంత నెమ్మదిగా చెప్పిన మగవాణ్ణి నా జన్మలో చూడలేదు, మా ఆయనతో సహా. ఆయన చేతిలోని సుద్ద లాక్కుని ఆ పేరు కింద రాశాను: నాగవేణి కూడా.

ఎస్తేరు కాఫీ తెచ్చింది. ఈసారి తీసుకున్నాను.